రోగి మాట: తెలుగు కవిత్వంలో జబ్బు, వైద్యం

వైద్య విద్యార్థి మొదటిసారి వార్డులోకి అడుగుపెట్టినప్పుడు నేర్చుకునే పాఠాల్లో ముఖ్యమైనది ఒకటుంది: రోగి చెప్పుకునే ప్రధానమైన బాధను రోగి మాటల్లోనే రాయాలి. వ్యాధికి పేరు వైద్యుడు తరువాత పెడతాడు. ముందుగా కాగితం మీదికి ఎక్కవలసింది ఆ మనిషి నోట వచ్చిన మాట. అయితే తెలుగునాట ఈ పాఠం చెప్పేదీ ఇంగ్లీషులోనే, రాసేదీ ఇంగ్లీషులోనే. 'గుండెను ఎవరో గుప్పిట పట్టి పిండుతున్నట్టుంది' అని రోగి అంటే కేస్‌షీటులో 'చెస్ట్ పెయిన్' అన్న రెండు ముక్కలు మిగులుతాయి. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకుని వైద్య కళాశాలకు వెళ్ళిన నా తరంవారికి ఈ మార్పిడి ఎంతగా అలవాటైపోయిందంటే, అందులో ఏదో జారిపోతున్నదన్న స్పృహ కూడా మిగలలేదు.

కేస్‌షీటులో నిలవని ఆ మాట కవిత్వంలోనైనా నిలిచిందా? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినది ఇదే. జబ్బును గురించి తెలుగులో కవిత్వం లేకపోలేదు. అయితే ఆ కవిత్వంలో మాట్లాడుతున్నది ఎవరు? రోగియా, రోగిని చూసి చలించిన కవియా, లేక రోగాన్ని సాకుగా చేసుకుని మరేదో చెప్పదలచిన సిద్ధాంతమా? ఈ తేడాను పట్టించుకుంటే మన కవిత్వ చరిత్రలో కొన్ని కవితల విలువ పెరుగుతుంది; కొన్నింటి పరిమితి తెలుస్తుంది.

యమామా నేల మీద

నేను పనిచేస్తున్న అల్ ఖర్జ్ పట్టణం రియాద్‌కు దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఖర్జూరపు తోటలకూ, ఎడారి మధ్య నడిచే పెద్ద పెద్ద పాడి క్షేత్రాలకూ పేరు. చరిత్రలో ఇది యమామా అన్న ప్రాంతంలోని భాగం. ఇస్లాంకు పూర్వపు అరబ్బీ మహాకవుల్లో ఒకడైన మైమూన్ ఇబ్న్ ఖైస్ ఈ యమామాలోని మన్‌ఫూహా వాడు. ఆ ఊరు ఇప్పుడు రియాద్ నగరంలో కలిసిపోయింది. లోకం అతన్ని ఆ పేరుతో ఎరగదు. 'అల్ ఆషా' అంటేనే తెలుసు. ఆ మాటకు అర్థం రేచీకటి గలవాడు. అతనికి చూపు మందగించింది, చివరికి పూర్తిగా పోయింది. మనిషి పేరును జబ్బు పేరు మింగేసింది. మన పల్లెల్లోనూ కుంటి, గుడ్డి, నత్తి అన్న మాటలు ఇంటిపేర్లకన్నా గట్టిగా అతుక్కుంటాయి. ఆసుపత్రుల్లో 'పన్నెండో మంచం కిడ్నీ' అనడమూ అలాంటిదే.

అల్ ఆషా తరువాత మూడు శతాబ్దాలకు, క్రీ.శ. 915లో కూఫాలో పుట్టిన అల్ ముతనబ్బీ దీనికి ఎదురుదిశలో నడిచాడు. ఈజిప్టులో కాఫూర్ కొలువులో ఉన్న కాలంలో అతనికి జ్వరం వచ్చింది. ఆ జ్వరం మీద చెప్పిన కవిత అరబ్బీ పాఠకులు నేటికీ కంఠస్థం చేసేది. అందులో జ్వరం బిడియంగల స్త్రీ. చీకటి పడితే తప్ప రాదు. మెత్తని పరుపులూ పట్టు దుప్పట్లూ పరిచినా వాటిని కాదని అతని ఎముకల్లోనే పడుకుంటుంది. తెల్లవారుతుంటే కన్నీళ్ళు కారుస్తూ వెళ్ళిపోతుంది. వైద్యుడు వచ్చి తిండిలో తేడా జరిగిందంటాడు. పరుగెత్తవలసిన గుర్రాన్ని కట్టేసి ఉంచితే కలిగే జబ్బు ఆ వైద్యుడి శాస్త్రంలో లేదని కవి గొణుగుతాడు.

వైద్యుడిగా ఈ కవిత చదివినప్పుడు నన్ను ఆపేది దాని కచ్చితత్వం. రాత్రి వేళకు వచ్చే జ్వరం, ఎముకల్లోకి దిగే నొప్పి, తెల్లవారుజామున ధారగా పట్టే చెమట: విడిచి విడిచి వచ్చే జ్వరాల లక్షణాలు వరుస తప్పకుండా ఉన్నాయి. ఆ స్త్రీ కన్నీరు నిజానికి అతని చెమటే. ఉపమానం లక్షణాన్ని కప్పిపుచ్చలేదు, లక్షణంలోంచే పుట్టింది. అంతేకాక, రోగి వైద్యుడితో విభేదించే హక్కును ఆ కవిత వెయ్యేళ్ళ కిందటే వాడుకుంది. ఈ రెండు గుణాలను కొలతగా పెట్టుకుని తెలుగు వైపు చూద్దాం.

భవరోగం, విరహజ్వరం

మన ప్రాచీన సాహిత్యంలో రోగం ఎక్కువగా రూపకమే. వైద్యశాస్త్రం కూడా ఇందుకు మినహాయింపు కాదు. వాగ్భటుని అష్టాంగహృదయం తొలి శ్లోకమే రాగాది రోగాలను నశింపజేసిన అపూర్వ వైద్యునికి నమస్కరిస్తుంది. ఒంట్లోని రోగాల గురించి చెప్పబోయే గ్రంథం మనసులోని రోగాలతో మొదలవుతుంది. భక్తి కవిత్వంలో సంసారం భవరోగం, దేవుడు వైద్యుడు, నామం మందు. ఈ వరుసలో నిజమైన కడుపునొప్పికి చోటు దొరకడం కష్టం.

ప్రబంధాల్లో జ్వరం అంటే విరహజ్వరం. నాయిక ఒళ్ళు కాలిపోతుంటుంది. చెలికత్తెలు చందనం పూస్తారు, తామరాకులు పరుస్తారు, పన్నీరు చల్లుతారు, చంద్రుణ్ణీ మన్మథుణ్ణీ తిట్టిపోస్తారు. పూసిన చందనం క్షణంలో ఆరిపోతుంది. ఇది సంప్రదాయం, దీన్ని థర్మామీటరుతో కొలవబోవడం అరసికత. అయినా ఒక విషయం గమనించదగ్గది. ఈ వర్ణనల్లో జ్వరంకన్నా పరిచర్య ఎక్కువ సూక్ష్మంగా ఉంటుంది. తడిబట్ట, విసనకర్ర, చల్లని స్పర్శ, పక్కన కూర్చునే మనిషి: నర్సింగ్ అన్న మాట పుట్టకముందే మన కవులు దాని వివరాలు ఎరుగుదురు. ఎరగనిది, లేదా ఎరిగీ కావ్యానికి తగదనుకున్నది, మామూలు మనిషి మామూలు జబ్బు. వైద్యుడు లేని ఊళ్ళో ఉండవద్దని చెప్పే నీతిపద్యం సుమతీ శతకంలో ఉంది కాని, ఆ వైద్యుడి అరుగు మీద కూర్చున్న రోగి ఏమన్నాడో పద్యానికి ఎక్కలేదు.

మందు లేని చావు, మందు ఉన్న చావు

ఆధునిక కవిత్వం రోగిని చూసింది. శ్రీశ్రీ 'భిక్షు వర్షీయసి' తెలుగు పాఠకుడికి గుర్తుచేయనక్కరలేని కవిత. దారి పక్క చెట్టు కింద జబ్బుపడిన ముసలి బిచ్చగత్తె. ఆమె చనిపోతే ఆ పాపం ఎవరిదన్న ప్రశ్న. దానికి లోకం మౌనం, తప్పించుకోలు. వ్యాధిని విధి ఖాతాలోంచి తీసి సమాజం ఖాతాలో రాసిన తొలి కవితల్లో ఇది ఒకటి. ప్రజారోగ్యం చదువుకున్నవారు వ్యాధికి సామాజిక మూలాలంటూ చెప్పే పాఠమంతా ఆ కొద్ది పంక్తుల్లో ఉంది.

అయితే ఈ కవితలో ఎవరెవరు మాట్లాడుతున్నారో గమనించండి. గాలి ప్రశ్నిస్తుంది. ఎంగిలాకు జవాబిస్తుంది. ముసలమ్మ మాత్రం మూలుగుతుంది. ఆ మూలుగు వెనక మాట ఏమిటో కవి అడగలేదు. ఆమె దుఃఖానికి సాక్ష్యం ప్రకృతి ఇచ్చింది, ఆమె ఇవ్వలేదు. ఇది ఆ కవిత దోషమని నేననను. ఆ మౌనమే దాని బలమని వాదించవచ్చు కూడా. కాని తరువాతి అభ్యుదయ, విప్లవ కవిత్వంలో ఇదే ఒరవడి అయింది. రోగి ఆరోపణకు ఆధారమయ్యాడు. వాంగ్మూలం ఇచ్చే మనిషి కాలేదు. 1976లో, అత్యవసర పరిస్థితి రోజుల్లో, కె. శివారెడ్డి 'ఆసుపత్రి గీతం' వెలువడింది. ఆసుపత్రినీ గీతాన్నీ పక్కపక్కన పెట్టి ఒక కావ్యానికి శీర్షిక చేయడమే అప్పటికి సాహసం. ఆ పేరుతోనే ఆసుపత్రి తెలుగు కవిత్వానికి చిరునామాగా మారింది.

శ్రీశ్రీ 'మహాప్రస్థానం' అంకితమిచ్చిన కొంపెల్ల జనార్దనరావు 1937లో క్షయతో చనిపోయాడు. అంకిత కవితలో దగ్గు లేదు, రక్తం లేదు. స్నేహితుణ్ణి బతకనివ్వని లోకం ఉంది. క్షయకు అప్పటికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. కనుక జనార్దనరావు మరణంలో లోకం నేరంతోపాటు వైద్యం నిస్సహాయత కూడా ఉంది.

1993 జనవరి 12న, తన 39వ పుట్టినరోజు నాడే, హైదరాబాదులో అలిశెట్టి ప్రభాకర్ మరణించాడు. జబ్బు అదే క్షయ. జగిత్యాలలో పుట్టి, చిత్రకారుడుగా, ఫొటోగ్రాఫరుగా బతుకు వెళ్ళదీసి, 'ఎర్ర పావురాలు', 'రక్తరేఖ', 'సంక్షోభ గీతం' వంటి సంపుటాలు ఇచ్చినవాడు. 'సిటీ లైఫ్' పేరుతో దినపత్రికలో చిన్న కవితలు రాసినవాడు. అతని మరణం నాటికి క్షయను నయంచేసే మందులు దశాబ్దాలుగా ఉన్నాయి. ఆసుపత్రిలో పడుకోబెట్టనక్కరలేదనీ, ఇంట్లో ఉండి మందులు వాడినా అంతే ఫలితమనీ 1950ల చివర్లో లోకానికి చూపినది మద్రాసులో జరిగిన పరిశోధనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయను అంతర్జాతీయ అత్యవసర సమస్యగా ప్రకటించినది సరిగ్గా ఆ 1993లోనే. మందు లేని రోజుల్లో పోయిన కవికీ, మందు ఉన్న రోజుల్లో పోయిన కవికీ మధ్య 56 ఏళ్ళు. ఆ రెండో మరణాన్ని మనం 'కవి విషాదం' అనే మెత్తని మాటతో కప్పేస్తుంటాం.

వేశ్య మీద ప్రభాకర్ రాసిన చిన్న కవిత చాలామందికి నోటికి వచ్చు. ఒకే శరీరం ఆమెకు పుండుగానూ కొనుక్కునేవాడికి పండుగానూ ఉండడాన్ని అంత్యప్రాసల మీద నిలబెట్టిన కవిత అది. ప్రాస ఇక్కడ అలంకారం కాదు. ఒకే ధ్వనిలో రెండు బతుకులు ఇరుక్కున్నాయని అదే చెబుతుంది. ఆమె పుండును ఆమె వైపునుంచి చూడడం శ్రీశ్రీ ముసలమ్మ దగ్గర ఆగిపోయిన చోటునుంచి ఒక అడుగు ముందుకు.

మరో రకం మౌనం కృష్ణశాస్త్రిది. 1963లో గొంతు క్యాన్సర్ ఆయన స్వరాన్ని తీసుకుపోయింది. ఆ తరువాత 1980 దాకా జీవించి, కాగితం మీద రాసి సంభాషించి, ఇతరుల గొంతుల్లో పలికే పాటలు రాశారు. యౌవనంలో ఊహాదుఃఖాన్ని అంతగా పాడిన కవి, నిజమైన జబ్బు వచ్చినప్పుడు పాటను జబ్బుకు అప్పగించలేదు. అదీ రోగి తీసుకోగల నిర్ణయమే. రోగి మాటకు విలువ ఇవ్వడమంటే అతని మౌనాన్ని కూడా గౌరవించడం.

లేబర్ రూమ్ తలుపు తెరిచినవారు

శరీరం తన నొప్పిని తానే చెప్పుకోవడం తెలుగు కవిత్వంలో బలంగా మొదలైనది 1980లలో, స్త్రీవాద కవయిత్రులతో. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' ఈ విషయంలో మలుపులు. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం ఈ స్వరాలను ఒకచోట చేర్చింది. వీటిని స్త్రీవాద చరిత్రలో భాగంగా చదవడం మామూలే. జబ్బు, వైద్యం మీది కవిత్వంగా కూడా చదవాలని నా మనవి.

ముందు శీర్షికలే చూడండి. 'ప్రసూతి గృహం' అనలేదు. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతి స్త్రీ నోటా పలికే 'లేబర్ రూమ్' అన్నారు. 'వాంగ్మూలం' అనలేదు, పోలీసు స్టేషనులోనూ ఆసుపత్రిలోనూ వినపడే 'స్టేట్‌మెంట్' అన్నారు. సంస్థ భాషను లాక్కుని రోగి గొంతులో పెట్టారు. మాతృత్వ మహిమ గురించి వందల పద్యాలున్న భాషలో ప్రసవం నొప్పిగా, శరీరం మీద జరిగే సంఘటనగా కనిపించడానికి ఇంతకాలం పట్టింది. ఆ కాలమంతా ప్రసవాలు జరుగుతూనే ఉన్నాయి, వైద్యులు కేస్‌షీట్లు నింపుతూనే ఉన్నారు. రెండు చోట్లా లేనిది ఆమె మాట.

వ్యాధిని రూపకంగా వాడడం రోగికి హాని చేస్తుందని 1978లో సూసన్ సాంటాగ్ వాదించింది. క్షయను సుకుమారతకూ, క్యాన్సర్‌ను అణచుకున్న మనసుకూ గుర్తుగా చేసినప్పుడు రోగి మీద రెండో బరువు పడుతుందన్నది. ఆ వాదన చాలావరకు నిజం. కాని ఉపమానాన్నే మానెయ్యమంటే రోగి నోరు మూసినట్టే. ఎందుకంటే నొప్పి గురించి మాట్లాడవలసివచ్చినప్పుడు ప్రతి రోగీ ఉపమానాలే చెబుతాడు. 'సూదులతో పొడిచినట్టు', 'చీమలు పాకినట్టు', 'రోకటితో దంచినట్టు', 'కరెంటు కొట్టినట్టు'. గుప్పిట పట్టి పిండినట్టు అనే మాట వినగానే వైద్యుడు ఈసీజీ తీయమంటాడు. ఆ మాటతోపాటు ఛాతీ మీద బిగించిన పిడికిలికి వైద్యగ్రంథాల్లో లెవీన్ చిహ్నమని పేరే ఉంది. చీమలు పాకడం నరాల వైపు వేలు చూపుతుంది. రోగి ఉపమానం ప్రాణాలు నిలపగలదు.

కాబట్టి తేడా ఉపమానం ఉందా లేదా అన్నదానిలో లేదు. అది శరీరంలోంచి పైకి వచ్చిందా, బయటినుంచి శరీరం మీద పరిచారా అన్నదే ప్రశ్న. ముతనబ్బీ జ్వరకన్య మొదటి రకం; భవరోగం రెండోది. స్త్రీవాద కవితలు మళ్ళీ మొదటి రకానికి దారి తీశాయి.

పోటు, సలుపు, తీపు

ఇంగ్లీషులో హామ్లెట్ ఆలోచనలకూ లియర్ దుఃఖానికీ మాటలున్నాయి గాని, తలనొప్పికీ చలి వణుకుకూ లేవని 1926లో వర్జీనియా వుల్ఫ్ వాపోయింది. 1975లో రోనల్డ్ మెల్జాక్ అనే శాస్త్రవేత్త రోగులు వాడే నొప్పి మాటలను 78 ఏరి, 20 గుంపులుగా పేర్చి, మెగ్గిల్ ప్రశ్నావళి తయారుచేశాడు. నొప్పి మాటే నొప్పికి కొలత కాగలదన్న నమ్మకం దాని పునాది.

తెలుగుకు వుల్ఫ్ చెప్పిన కొరత లేదు. తలకు పోటు, పంటికి పోటు, గడ్డకు సలుపు, కాళ్ళకు పీకు, తీపు, నడుముకు పట్టు, కడుపులో మెలి, దేవడం, పక్కలో కలుక్కు, కంట్లో చురచుర, అరికాళ్ళలో తిమ్మిరి, మొద్దు, ఒంట్లో నలత. తెలంగాణలో నరాలు గుంజుతాయి, దమ్ము వస్తుంది, 'పాణం మంచిగుండదు'. ఈ మాటల్లో ప్రతిదానికీ ఒక చోటుంది, ఒక లయ ఉంది. సలుపు ఆగి ఆగి వస్తుంది, పీకు ఆగదు. ఇంత సంపద ఉండగా మన కవిత్వం చాలావరకు 'వేదన', 'బాధ', 'గాయం' అనే మూడు నాలుగు సంస్కృత, సాధారణ పదాలతో సరిపెట్టుకుంది. గాయం అన్న మాట ఎన్ని కవితల్లో ఉందో లెక్కలేదు. సలుపు ఎన్నింటిలో ఉందో వెతుక్కోవాలి.

ఇది నిఘంటువుల బెంగ కాదు. అల్ ఖర్జ్‌లో క్లినిక్కుకు వచ్చే తెలుగువారిలో జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల శ్రామికులు ఎక్కువ. తోటల్లో, పశువుల కొట్టాల్లో, కట్టడాల దగ్గర పనిచేసేవారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఈ దేశంలో ఉంది. అయినా ఎండ మూడింటితో ఆగదు. మూత్రంలో రాళ్ళు, వడదెబ్బ, నిద్రపట్టని గుండెదడ మామూలు ఫిర్యాదులు. 'పాణం గుంజుకపోతంది' అని ఒకరు పక్కనున్న సహోద్యోగికి చెబితే, అది ఉర్దూలో 'కమ్‌జోరీ' అవుతుంది, అరబ్బీలో 'తాబాన్' అవుతుంది, చివరికి ఇంగ్లీషు కాగితం మీద 'వీక్‌నెస్' అవుతుంది. మూడు భాషలు దాటేసరికి ప్రాణం పోయి నీరసం మిగులుతుంది. గుంజుకుపోవడంలో ఉన్న భయం, ఎవరో లాగేస్తున్నారన్న భావం, ఏ భాషలోకీ రాలేదు. ఆ భయమే అసలు లక్షణం కావచ్చు.

గల్ఫ్ వలస మీద తెలంగాణలో ఎన్నో పాటలు పుట్టాయి. నేను విన్నవాటిలో అప్పు ఉంది, ఏజెంటు ఉన్నాడు, ఎదురుచూసే భార్య ఉంది, విమానంలో దిగే శవపేటిక ఉంది. వెళ్ళినప్పటికీ పెట్టెలో తిరిగి వచ్చినప్పటికీ మధ్య ఉన్న జబ్బు రోజులు దాదాపు లేవు. మళ్ళీ అదే కథ: మరణం ఆరోపణకు పనికివస్తుంది, అస్వస్థత పనికిరాదు. క్యాంపు గదిలో పై మంచం మీద జ్వరంతో పడుకున్న మనిషికి ఒక ముతనబ్బీ కావాలి. ఆ కవి బయటినుంచి రానక్కరలేదు; జగిత్యాల నుంచి వచ్చినవాడికి ప్రభాకర్ పొరుగు కవే.

వైద్యులం రాసే కవితల గురించి ఒక మాట. వైద్యుడి కవితలో రోగి తరచుగా వైద్యుడి కరుణకు సందర్భమవుతాడు. రాత్రి డ్యూటీ, మానిటరు చప్పుడు, చేయి జారిన ప్రాణం, చివరికి కవి కన్నీరు. కన్నీరు నిజమే కావచ్చు. కాని కవిత ముగిసేసరికి మనకు గుర్తుండేది ఏడ్చిన వైద్యుడైతే, రోగి రెండోసారి పోయినట్టే. కేస్‌షీటులో నేర్చుకున్న పాఠాన్ని కవితకూ పెట్టుకోవడం మంచిది: ముందు రోగి మాట, తరువాతే మన నిర్ధారణ.

దేశాంతరాల్లో స్థిరపడిన తెలుగువారికి ఇది ఇంటి విషయం కూడా. డల్లాస్‌లోనో లండన్‌లోనో వైద్యుడి గదిలో వృద్ధురాలైన తల్లి పక్కన కూర్చుని ఆమె నొప్పిని ఇంగ్లీషులోకి మార్చేది కొడుకో కూతురో. పోటుకూ సలుపుకూ తేడా తెలిసిన తరం మనతో ఆగిపోతే, రేపు ఆ గదిలో తల్లి చెప్పే మాట పక్కనున్న బిడ్డకే పరభాష అవుతుంది. మాటను పాఠ్యపుస్తకాలు కాపాడలేవు, నిఘంటువులు కాపాడితే ఎండిన ఆకుల్లా కాపాడతాయి. మంచి కవితలో పడిన మాట మాత్రం నోటినుంచి నోటికి నడుస్తుంది. ప్రభాకర్ 'పుండు' నడిచినట్టు. సలుపు, తీపు, గుంజుడు తమ కవిత కోసం ఇంకా ఎదురుచూస్తున్నాయి.